కయాక్‌కి చిల్లు పెట్టొద్దు, టమాటా బాక్సు ఉంది కదా

(తిరుపతిలో గాలం సరదా ఉన్నవాళ్ళం కొందరం ఒక ఆదివారం సాయంత్రం కూడినప్పుడు మాట్లాడింది. మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఈ ఎండల్లో ఫ్యాను మాత్రం ఆపను, గొంతు పెంచుతాను.

టేబుల్ మీద ఈ టమాటా బాక్సు చూసి ఇందాక ఒకాయన "అన్నా, కూరగాయల వేలం కూడా ఇక్కడేనా?" అని అడిగాడు. (నవ్వులు) వేలం కాదు స్వామీ, నా రాడ్ హోల్డర్ ఇదే, అంటే గాలం కర్ర నిలబెట్టుకునేది. కయాక్ అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, రెండేళ్ళుగా దాని వెనక దీన్నే కట్టుకుని తిరుగుతున్నా. దీనికి నేను పెట్టిన ఖర్చు ఐదు వందల లోపే, అందులో కూడా టీ తాగిన డబ్బులు కలిపి చెప్తున్నా.

నా సంగతి కొంత చెప్పాలి. ఇరవై ఏళ్ళు బోరు మోటార్లు దించడం, ఎత్తడం, పైపులు అతికించడం, ఇదే నా పని. మన చిత్తూరు వైపు వెయ్యి అడుగులు దించినా తడి తగలని బోర్లు ఎన్నో చూశాను. అన్నేళ్ళు భూమి లోపల నీళ్ళు వెతికినవాణ్ణి, ఇప్పుడు నీళ్ళ పైన కూర్చోవాలనిపించింది, అంతే. చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కయాక్ కొన్నా. పైన కూర్చునే రకం, గట్టి ప్లాస్టిక్‌ది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా వీధి పిల్లలు నీళ్ళ ట్యాంకు అనుకున్నారు.

తెచ్చిన మొదటి వారంలోనే తప్పు చేశా. చేతిలో డ్రిల్లు ఉన్నవాడికి ప్రతిదీ చిల్లు పెట్టాల్సినట్టే కనపడుతుంది కదా. బజారులో దొరికే రాడ్ హోల్డర్ ఒకటి తెచ్చి, సీటు పక్కన నాలుగు చిల్లులు వేసి, స్క్రూలు బిగించి, చుట్టూ ఎపాక్సీ ముద్ద పూశా. చూడ్డానికి ఫ్యాక్టరీలో చేసినట్టే ఉంది. రెండు సార్లు బాగానే పోయింది. మూడోసారి చెరువు మధ్యలో ఉండగా పడవ అదోరకంగా ఊగడం మొదలుపెట్టింది. కుడికి ఒరిగితే తిరిగి లేవడానికి టైం తీసుకుంటోంది. లోపల ఏదో గళగళ మంటోంది. ఒడ్డుకొచ్చి అడుగున ఉన్న బిరడా తీస్తే బకెట్టు పైన నీళ్ళు వచ్చాయి.

ఇక్కడ ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. ఈ కయాక్ లోపల డొల్ల. ఆ డొల్లలో ఉన్న గాలే మనల్ని తేలుస్తుంది. చిల్లులోంచి కొంచెం కొంచెం నీళ్ళు చేరితే బరువు పెరగడం ఒక్కటే కాదు, ఆ నీళ్ళు ఒకచోట నిలవవు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తుతాయి, ఒరిగినదాన్ని ఇంకా ఒరగనిస్తాయి. సగం నిండిన నీళ్ళ డ్రమ్ము ఆటోలో పెట్టుకుని మలుపు తిరిగినవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మరి ఎపాక్సీ ఎందుకు ఆగలేదు? తప్పు ఎపాక్సీది కాదు, నాది. ఈ గట్టి కయాక్‌లు ఎక్కువగా పాలిథిలీన్‌తో చేస్తారు. మన పాల ప్యాకెట్టు ఉంది చూడండి, ఆ జాతే, కాకపోతే మందం. పాల ప్యాకెట్టు మీద మామూలు స్టిక్కర్ అంటించి గోటితో గీరండి, ఎంత సులువుగా లేస్తుందో. మైనం లాంటి పదార్థం అది, జిగురుని పట్టుకోదు. పైపులకి వాడే సొల్యూషన్ అయితే అసలు పనికిరాదు, అది పీవీసీని కాస్త కరిగించి పీవీసీతో కలుపుతుంది, పాలిథిలీన్‌ని కరిగించలేదు. ఇరవై ఏళ్ళు ఆ సొల్యూషన్ డబ్బా చేత్తో పట్టుకున్నవాణ్ణి నాకే తట్టలేదు. డబుల్ సైడ్ టేపు, గాలి పీల్చుకుని అతుక్కునే రబ్బరు కప్పులు కూడా అంతే, పైన గరుకు గరుకుగా ఉండే కయాక్ మీద అవి ఒక గంట నిలబడితే గొప్ప.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. అంటించొద్దు, తొలవొద్దు, కట్టండి. మీ కయాక్ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఎత్తుకోవడానికి పిడులు, తాడు దూర్చే కొక్కేలు, సీటు పట్టీలు తగిలించే రింగులు, నీళ్ళు కారడానికి అడుగుదాకా పోయే రంధ్రాలు, వెనక సామాను గుంట, ఇవన్నీ తయారీవాడే ఇచ్చాడు. వాటికే కడదాం. పుట్టిలో తిరిగే మన చేపలోళ్ళు ఏ స్క్రూ బిగిస్తున్నారు? ఒకాయన గాలం తీగని కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు చేతులతో తెడ్డు వేసుకుంటూ పోవడం నేను కళ్ళారా చూశా. ఆయన రాడ్ హోల్డర్ ఆయన వేలే. మనకి అంత ధైర్యం లేదు కాబట్టి పైపు.

ఇక బాక్సు. ప్రపంచమంతా కయాక్ వాళ్ళు పాల ట్రేలు వాడతారు. మనకి టమాటా బాక్సు ఉంది. మదనపల్లె మార్కెట్ ఉన్న నేల మీద పుట్టి ట్రేలు కొనుక్కోవడం ఏంటి? దాదాపు అడుగు ఎత్తు, నాలుగు వైపులా కన్నాలు, నీళ్ళు పడితే కారిపోతాయి, గాలి వీస్తే దూరిపోతుంది. ఒక్క మాట, పేరు ముద్ర వేసున్న బాక్సులు మండీ వాళ్ళవి, అడక్కుండా తెచ్చుకోవద్దు. ఖాళీవి కొనుక్కోండి. కొనేముందు కయాక్ వెనక గుంట వెడల్పు టేపుతో కొలవండి, నేను కొలవకుండా తెచ్చిన మొదటి బాక్సు గుంటలో దిగలేదు, ఇప్పుడు దాంట్లో మా ఆవిడ ఉల్లిపాయలు పోస్తోంది.

పైపు విషయానికొస్తే, షాపులో 'రాడ్ హోల్డర్‌కి పైపు ఇవ్వు' అంటే మొహం చూస్తారు. ఒకటిన్నర ఇంచి పైపు అనండి, అదే 50 ఎం.ఎం. మన దగ్గర ఈ పీవీసీ పైపుల ఎం.ఎం. లెక్క బయటి కొలత. లోపల మందం పోగా 45, 46 ఉంటుంది. ఒకటింపావు ఇంచి అంటే 40 ఎం.ఎం., లోపల 36 దాకా వస్తుంది. చిన్న స్పిన్నింగ్ రాడ్లకి 40 సరిపోతుంది, పిడి చుట్టూ లావు ఫోమ్ ఉన్న రాడ్లకి 50 కావాలి. రాడ్ చేత్తో పట్టుకుని షాపుకి పొండి, సిగ్గుపడొద్దు, దూర్చి చూసి కొనండి. మరీ వదులుగా ఉంటే తెడ్డు వేసినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటుంది, అది చేపలకంటే ముందు మనకే చిరాకు.

పొడవు ఎంత? ఈ లెక్క కొంచెం శ్రద్ధగా వినండి, మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. ఏడడుగుల రాడ్, అంటే 2.1 మీటర్లు. 30 సెంటీమీటర్లు పైపు లోపల ఉంది, 1.8 మీటర్లు బయట ఉంది. కొసన చేప 2 కిలోల బలంతో అడ్డంగా లాగింది అనుకోండి. బయట పొడవు లోపలి పొడవుకి ఆరింతలు. కాబట్టి రాడ్ మడమ పైపు అడుగుని 12 కిలోల బలంతో ఒకవైపు తోస్తుంది, పైపు మూతి దగ్గర రెండోవైపు 14 కిలోలు పడుతుంది. గడ్డపారతో రాయి పెకిలించడం లాంటిదే. ఇప్పుడు పైపు 15 సెంటీమీటర్లకి తగ్గించండి, అదే చేప, అదే లాగుడు, ఇప్పుడు బయట 1.95 మీటర్లు, అంటే పదమూడింతలు, 12 కాస్తా 26 అవుతుంది. అందుకే పొట్టి హోల్డర్లు ఊడిపోతాయి. నాలుగు స్క్రూలు, కొన్ని మిల్లీమీటర్ల ప్లాస్టిక్, ఆ మెలి తిప్పుడుకి అవి ఎన్నాళ్ళు ఆగుతాయి? అదే అడుగు పొడవు పైపుని బాక్సుకి పైన ఒకచోట, కింద ఒకచోట కడితే ఆ బలం మొత్తం బాక్సు గోడకి పోతుంది, బాక్సు నుంచి పట్టీలకి పోతుంది.

కట్టడానికి కేబుల్ టైలు. నల్లవి తీసుకోండి. తెల్లవి చవక, కానీ మన ఎండకి ఒక వేసవి దాటేసరికి పెళుసైపోయి బిస్కెట్లా విరుగుతాయి. నల్లవాటిలో కూడా ఎండకి ఆగేవి అని అడిగి కొనండి, ఎలాగూ ఏడాదికోసారి మార్చేయండి. ఒక్కో చోట రెండేసి టైలు. పైపుకీ బాక్సుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. ఇది నేను పెద్దగా పట్టించుకోలేదు మొదట్లో, తర్వాత తెలిసింది, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ ఎంత బిగించినా జారుతుంది, మధ్యలో రబ్బరు పడితే కదలదు. టై తోకలు కత్తిరించేటప్పుడు మొదలంటా కత్తిరించండి, మిగిలిన ముక్క బ్లేడులా కోస్తుంది, ఇదిగో గుర్తు.

రీల్, అంటే దారం చుట్టే చక్రం, కింద వేలాడే రాడ్లకి పైపు మూతిలో గాడి కొయ్యాలి. హ్యాక్సా బ్లేడుతో రెండు కోతలు, వేలు దూరేంత వెడల్పు, రీల్ కాడ కూర్చునేంత లోతు. అప్పుడు రాడ్ గుండ్రంగా తిరగదు. అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దండి, లేకపోతే రాడ్ పిడి మీది ఫోమ్‌ని ఎలక కొరికినట్టు కొరుకుతుంది.

మూతి కొంచెం గంటలా విప్పారితే రాడ్ చూడకుండానే పెట్టొచ్చు. మేము పొలాల్లో పైపు అతికించేటప్పుడు మంట మీద కాల్చి సాగదీసేవాళ్ళం, అది చెయ్యొద్దు. పీవీసీ మాడితే వచ్చే పొగ గొంతుకి, ఊపిరితిత్తులకి చెడ్డది. దానికి మంచి ఉపాయం మన ఇళ్ళలోనే ఉంది. శనక్కాయలు వేయించే ఇసుక. బాణలిలో ఇసుక వేడి చేసి, పైపు మూతి రెండంగుళాలు అందులో దించండి, పొగ రానంత వేడి చాలు, కాసేపటికి మెత్తబడుతుంది. గుడ్డతో పట్టుకుని ఒక గాజు సీసా మెడవైపు నుంచి లోపలికి నెట్టి, సాగాక అలాగే చన్నీళ్ళలో ముంచండి. సీసా మాత్రం చల్లారాక తియ్యండి. తర్వాత ఆ ఇసుకలో మళ్ళీ శనక్కాయలు వేయించొద్దు, పారేయండి. మా ఇంట్లో ఈ విషయం మీద పెద్ద గొడవే జరిగింది.

బాక్సుని గుంటలో పెట్టి, బండికి సామాను కట్టే కొక్కేల రబ్బరు తాడుతో కట్టేస్తారు చాలామంది. అది సాగుతుంది. రాడ్ దేనికైనా తగులుకుని లాగినప్పుడు బాక్సు లేస్తుంది. సాగని పట్టీ, బకిల్ ఉన్నది వాడండి, నాలుగు మూలలా కొక్కేలకి. బాక్సులో బరువైనవి కిందే ఉంచండి, ఐసు పెట్టె దాని మీద ఎక్కించి కొండలా కట్టొద్దు.

"అన్నా, వెనక ఉంటే చేప పడినప్పుడు ఎలా తీసుకోవాలి?" (సభలోంచి ఒకరు.)

మంచి ప్రశ్న, అక్కడికే వస్తున్నా. వెనక పైపులు ఖాళీ రాడ్లు మోసుకుపోవడానికి, నీళ్ళలో దారం వేసి వదిలే రాడ్ వెనక పెట్టొద్దు. చేప పడగానే మనం మెడ తిప్పి, నడుం తిప్పి, చెయ్యి వెనక్కి చాచి లాగుతాం, ఆ ఒక్క క్షణంలో మన బరువంతా ఒక పక్కకి పోతుంది. నేను ఒకసారి మునిగింది అలాగే. దారం వేసిన రాడ్ ముందు ఉండాలి, మోకాళ్ళ అవతల, కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాస్తే అందేలా.

ముందు హోల్డర్‌కి పైపుతోనే ఒక చట్రం. కయాక్‌కి అడ్డంగా ఒక్క పైపు వేసి రెండు పక్కలా పిడులకి కడితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. పైపు గుండ్రం, రాడ్ బరువుకి దొర్లుతుంది, రాడ్ మెల్లగా తల వంచి నీళ్ళలో పడుతుంది. రెండు అడ్డ పైపులు వేసి, మధ్యలో ఒక నిలువు ముక్కతో కలపండి, మంచం పట్టెల్లాగా. అప్పుడు దొర్లదు. మధ్య ముక్కలో ఒక టీ, అంటే T ఆకారం జాయింటు, దానికి 45 డిగ్రీల బెండు, దాంట్లో హోల్డర్ పైపు. ఇక్కడ అన్నీ పీవీసీనే కాబట్టి సొల్యూషన్ ధారాళంగా వాడండి. కొసలకి మూతలు అంటించి, హోల్డర్ పైపు అడుగు కూడా మూసేస్తే లోపల గాలి నిలుస్తుంది, నీళ్ళలో పడ్డా చట్రం తేలుతుంది. కింద ట్యూబు రబ్బరు, రెండు పక్కలా పట్టీలు. లోపల కాళ్ళు దూర్చి కూర్చునే రకం కయాక్ అయితే మాత్రం ఈ చట్రం మూతి మీద అడ్డంగా కట్టొద్దు, బోల్తా పడితే కాళ్ళు బయటికి రావాలి కదా.

సొల్యూషన్ పూసే ముందు ఒక పని. కయాక్‌ని ఇసుకలోనో, ఇంటి ముందు పాత పరుపు మీదో పెట్టి ఎక్కి కూర్చోండి. తెడ్డు తీసుకుని అటూ ఇటూ యాభై సార్లు వేయండి. వీధిలో వాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. తెడ్డు హోల్డర్‌కి తగిలితే దాన్ని ముందుకి జరపండి లేదా కోణం మార్చండి. నేను గుర్తుగా పైపు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసుకుని, ఆ తర్వాతే అతికించా.

అడుగుదాకా పోయే ఆ నీళ్ళ రంధ్రాల్లో నేరుగా పైపు దిగ్గొట్టి హోల్డర్‌గా వాడొచ్చని కొందరు చెప్తారు. నాకు నచ్చదు. కయాక్‌లో పైతొక్క, కిందితొక్క కలిసేచోటు అది, అక్కడ చీలిక వస్తే నీళ్ళు నేరుగా డొల్లలోకే. కయాక్‌ని తోసుకెళ్ళే చక్రాల బండి కర్రలు అక్కడ దూర్చి బరువు మోపినందుకే చీలిన కయాక్‌లు ఉన్నాయి. ఇక ఏడడుగుల రాడ్ మెలి పెడితే ఏమవుతుందో ఆలోచించండి. తాడు దూర్చి, కింద రబ్బరు బిళ్ళ అడ్డం పెట్టి ముడి వేయండి, అంతవరకు సరే.

గాలి ఊదే కయాక్ ఉన్నవాళ్ళు ఎవరు? మీ లెక్క వేరు. చాలావరకు మీది పీవీసీ గుడ్డ, దానికి పీవీసీ జిగురు పట్టుకుంటుంది. పట్టీ దూరే రింగు ఉన్న ముక్కలు అమ్ముతారు, అవి అంటించి వాటికి కట్టుకోండి. కేబుల్ టై తోకలు మాత్రం గుడ్డకి ఆనకుండా చూసుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

రాడ్‌కి కట్టుతాడు లేకుండా నీళ్ళలోకి దిగొద్దు. నా మొదటి మంచి రాడ్ ఇప్పుడు చెరువు అడుగున ఉంది. జిలేబి చేపల కోసం వేసిన ఎర, డ్రాగ్, అంటే రీల్ దారాన్ని ఎంత బిగువుగా వదలాలో తేల్చే మర, దాన్ని గట్టిగా బిగించి హోల్డర్‌లో పెట్టి, నేను సద్ది మూట విప్పుకుంటున్నా. కొర్రమీనో, వాలుగో, ఏదో పెద్దది పట్టింది. హోల్డర్ కదల్లేదు, మెచ్చుకోవాలి. రాడ్ మాత్రం అందులోంచి బాణంలా పోయింది. నా చేతిలో ఊరగాయ ముక్క మిగిలింది. (నవ్వులు) అప్పట్నుంచి రెండు పనులు చేస్తా. హోల్డర్‌లో ఉన్నంతసేపూ డ్రాగ్ వదులుగా, చేప లాగితే రీల్ టిక్ టిక్ మని దారం వదలాలి. రెండోది, మీటరు నైలాన్ తాడు రీల్ కాడ నుంచి చట్రానికి. చట్రానికి అన్నా, మీ నడుముకి కాదు, చేతికి కాదు. లైఫ్ జాకెట్ సంగతి చెప్పను, వేసుకోనివాళ్ళు ఇప్పుడే లేచి పోవచ్చు.

ఇంకో భయం ఉంది, అది మోటార్ల పని చేసినవాడిగా చెప్తున్నా. మన చెరువుల మీదుగా, కట్టల వెంబడి వ్యవసాయ మోటార్లకి కరెంటు తీగలు పోతుంటాయి, ఎండాకాలం సాగి కిందికి దిగుతాయి. కార్బన్ రాడ్లలో కరెంటు పారుతుంది. నిలువుగా నాలుగు రాడ్లు పెట్టుకుని ఆ తీగల కిందకి తెడ్డు వేసుకుంటూ పోవడం ఎంత ప్రమాదమో తలుచుకోండి. అందుకే నా పైపులు కాస్త వెనక్కి వాల్చి కట్టా, తీగలు కనపడితే రాడ్లు తీసి పడుకోబెడతా. ఉరుములు వినపడితే అయితే ఒడ్డుకే.

ఎక్కడ తిరగొచ్చు అని అడుగుతారు. కళ్యాణి డ్యామ్ అడగొద్దు, తిరుపతికీ తిరుమలకీ తాగునీళ్ళు అవి. చెరువులు చాలావరకు మత్స్యకారుల సొసైటీలకి లీజులో ఉంటాయి, వాళ్ళని అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే దిగండి, వాళ్ళ వలల పక్కన గాలం వేయొద్దు. పులికాట్ పక్షుల అభయారణ్యం, అక్కడ అనుమతి ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఉప్పునీళ్ళలో తిరిగితే ఇంకొకటి, మామూలు ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి, స్టీలు క్లిప్పులు వాడి, ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగండి.

(సభలోంచి ఒక ఆమె: "అన్నా, మా కయాక్‌కి ముందే రెండు గుంతలు ఉన్నాయి సీటు వెనక, దాంట్లో ఏం పెట్టాలి?")

అవే తయారీవాడు పోసిచ్చిన హోల్డర్లు అమ్మా, అదృష్టవంతులు మీరు. వాటిలో రాడ్ బాగా కిందికి ఉండి రీల్ నీళ్ళు తాగుతుంటే, ఆ గుంతలో పట్టేంత పైపు దించి పైకి పొడవు పెంచుకోండి. చాలాసార్లు 40 ఎం.ఎం. పైపు దిగుతుంది, వదులైతే ట్యూబు రబ్బరు చుట్టండి. మరీ పైకి పెంచొద్దు, ఇందాకటి గడ్డపార లెక్క గుర్తుంది కదా, ఈసారి మెలి మొత్తం కయాక్ తొక్క మీద పడుతుంది. గుంత కొలత తెచ్చారా? ఫోటో కాదు, కొలత. సరే, బయట నా ఆటోలో రెండు రకాల పైపు ముక్కలు, హ్యాక్సా, గరుకు కాగితం ఉన్నాయి. రాడ్లు తెచ్చుకున్నవాళ్ళు రండి, ముందు దూర్చి చూద్దాం, వెలుతురు ఉండగానే కోసేద్దాం. ఆ టమాటా బాక్సు అటువైపు నుంచి ఒకరు పట్టుకోండి.